ఎడమ చేతి కాపలా

“ముందు నన్ను కిందికి దించమనండి బాబాయ్. ప్రశ్నలు తర్వాత అడుగుదురుగాని.”

జీపు వెనక బిగించిన ఇనుప జాలీలోంచి నర్సు మొహం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. డ్యూటీలో ఉండగానే లాక్కొచ్చినట్టున్నారు, ఒంటిమీద ఇంకా తెల్ల యూనిఫారమే ఉంది. పక్కన కాపలా ఉన్న కానిస్టేబులు ఆ మాట విననట్టు మొహం తిప్పుకున్నాడు. అయితే ఎండ ఆమె మీద పడకుండా జీపును గోడనీడకు తోసి నిలిపింది అతనేనని మట్టిలోని చక్రాల జాడ చెబుతోంది. డిటెక్టివ్ అది చూసి మనసులోనే అతనికొక దండం పెట్టుకున్నాడు.

“దించే అధికారం నాకు లేదమ్మా. లోపల ఇన్‌స్పెక్టరు చనిపోయినాయన భార్య చేత ఫిర్యాదు మీద సంతకం పెట్టించబోతున్నాడు. సంతకం పడిందా, నిన్ను తిన్నగా జైలుకే పట్టుకుపోతాడు. ఈలోపు నాకేదో ఒకటి దొరకాలి. కోపం కాసేపు మింగి, జరిగింది వరసగా చెప్పు.”

“మింగను. పైవాళ్ళ మాటలు మింగీ మింగీ ఇక్కడిదాకా వచ్చాను.”

ఆమె డిటెక్టివ్ స్నేహితుడి కూతురు. చిన్నప్పుడు కుక్కపిల్లకు కట్టు కట్టబోయి కరిపించుకున్న రకం. ఆ రోజూ ఇలాగే, ఏడవకుండా, కళ్ళెర్రజేసి మాట్లాడింది.

“సరే, కోప్పడుతూనే చెప్పు,” అన్నాడాయన.

చెప్పింది. చనిపోయినాయన్ని అందరూ రంగుల మాస్టారంటారు. బతుకంతా బట్టలకు రంగులద్దే కార్ఖానాలో గడిపిన మనిషి. మూత్రాశయంలో కేన్సరు. సోమవారం ఆపరేషను. మూత్రాశయం మొత్తం తీసేసి, చిన్నపేగులోంచి జానెడు ముక్క కోసి, రెండు కిడ్నీల నుంచి వచ్చే గొట్టాలూ దానికి కలిపి, పొట్టమీద రంధ్రం చేసి సంచీ తగిలించారు. ఇకపై మూత్రం ఆ సంచీలోకే రావాలి.

“మంగళవారం పొద్దున నేను వెళ్ళేసరికి సంచీ అడుగున గుక్కెడు కూడా లేదు బాబాయ్. సర్జన్‌కి ఫోన్ చేశా. రెండు చేతులూ సంచీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఫోను మంచం మీద పెట్టి, అందరికీ వినపడేట్టే మాట్లాడా. మూత్రం రావట్లేదు సార్, నొప్పి ఇంజెక్షన్ ఆపమంటారా అనడిగా. ఆపొద్దు, సాయంత్రం ఇంకోటి వెయ్యి అన్నాడు. అప్పుడు మాస్టారి భార్య పక్కనే ఉంది. సాయంత్రం వేశా, గురువారం మాస్టారు పోయారు. ఇవాళ సర్జన్ ఏమంటున్నాడో తెలుసా? నేనలా చెప్పనే లేదు, రెండో డోసు నర్సు సొంత తెలివి అంటున్నాడు! సొంత తెలివి! జ్వరం బిళ్ళ ఇవ్వాలన్నా వాళ్ళ అనుమతి కావాలి మాకు!”

“ఆ ఇంజెక్షన్ కిడ్నీలకు చెడు చేస్తుంది కదా?”

“చెడిపోయిన కిడ్నీలకు చేస్తుంది. ఈయన కిడ్నీలకేం? ఆపరేషనుకు ముందు రక్తపరీక్షలో క్రియాటినిన్ ఒకటే ఉంది. మీకూ నాకూ ఉన్నట్టే.”

“మంగళవారం ఎంతుంది?”

“పొద్దున తీసినదాంట్లో ఐదు. ఆ కాగితం నా చేతికి రాత్రికి గానీ రాలేదు.”

డిటెక్టివ్ తలెత్తాడు. క్రియాటినిన్ అన్న మాట ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. ఆయన భార్యను కిడ్నీ జబ్బే తీసుకుపోయింది. కిడ్నీలు చెడేకొద్దీ రక్తంలో ఆ అంకె ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే గుండె చిక్కబట్టుకుని లెక్కపెట్టిన మనిషి ఆయన.

“కిడ్నీలు రెండూ ఒక్కసారిగా మూతపడ్డా అది రోజుకు ఒకటో, ఒకటిన్నరో పెరుగుతుంది. ఒక్క రాత్రిలో ఒకటి నుంచి ఐదుకు పాకదు. ఐదు అబద్ధమైనా కావాలి, ఒకటి అబద్ధమైనా కావాలి.”

“ఐదు అబద్ధం కాదు. ఆ రక్తం తీసింది నేనే. ఆయన నరం దొరక్క నా తాతలు దిగివచ్చారు. కుడిచేతికే మూడుసార్లు గుచ్చాను.”

“ఎడమ చేయి ఏమైంది?”

“ఇవ్వడు! బీపీ చూద్దామన్నా ఆ చెయ్యి దుప్పటి కింద దాచుకునేవాడు. ఇంకో విచిత్రం, నీళ్ళు తాగమంటే ‘ఇవాళ ఎంత తాగాను సిస్టర్’ అని అడిగేవాడు. ఇంజెక్షన్ వెయ్యబోతే నా మణికట్టు పట్టుకుని, ‘ఇది కిడ్నీలకు మంచిదేనా’ అన్నాడు. భార్యేమో, ‘నొప్పికండీ, వెయ్యనివ్వండి’ అంది.” ఆమె కుడిచెయ్యి జాలీకి ఆనించింది. “నేనే వేశాను బాబాయ్. ఈ చేత్తోనే.”

“ఆపరేషను ముందు పరీక్షకి రక్తం ఎవరు తీశారు?”

“కింద ల్యాబులో. టోకెన్ నంబరు పిలుస్తారు, పేరు చెబుతారు, తలూపితే సూది గుచ్చుతారు. అక్కడి జనంలో మొహాలు చూసే తీరికెవరికుంది?”

డిటెక్టివ్ ఇక నిలబడలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి నడిచాడు.

గుమ్మం పక్కనే చనిపోయినాయన చెప్పులు ఇంకా ఉన్నాయి. రెండింటి పట్టీలూ బ్లేడుతో కోసి, వదులుగా దారంతో కుట్టి ఉన్నాయి. కాళ్ళు వాచే మనిషికి తప్ప అలాంటి చెప్పులు ఇంకెవరికీ అక్కర్లేదు.

“రావయ్యా ఇన్సూరెన్సూ!” లోపల్నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు ఖంగుమంది. “ఎక్కడ శవం లేస్తే అక్కడ వాలిపోతావేం? బీమా కంపెనీ పింఛను సరిపోవట్లేదా?”

ముందుగదిలో బల్ల ముందు మాస్టారి భార్య కూర్చుని ఉంది. ఆమె ముందు ఫిర్యాదు కాగితం, చేతిలో మూత తీసిన కలం. ఇన్‌స్పెక్టరు టోపీ బల్ల మీద పెట్టి, ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. అతను మాస్టారికి స్వయానా తమ్ముడు. అన్న చావు కేసు తమ్ముడు చూడకూడదని రూలుంది. కానీ ఊళ్ళో పులికి గంట కట్టేదెవరు?

“మీరు చూడాల్సిన కేసు కాదిది,” అన్నాడు డిటెక్టివ్.

“నువ్వు దూరాల్సిన ఇల్లూ కాదిది. పోయినేడాది నగల దొంగతనంలో నీ మాట నెగ్గిందని నెత్తికెక్కినట్టుంది. ఇది నా అన్న ఇల్లు, పోయింది నా అన్న. ఆ పిల్ల చేసింది హత్య. తిక్క తిక్కగా మాట్లాడావంటే నిన్నూ అదే జీపులో పడేస్తా.”

“పడేద్దురుగాని. గొంతెండిపోయింది. అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా?”

ఆమె అలవాటుగా లేచింది. దుఃఖంలో ఉన్న ఇంట్లో కూడా దాహమన్నవాడికి లేదనదు ఆ చేయి. ఆ చెయ్యి మీద కోపం తెచ్చుకోవడం డిటెక్టివ్‌కి కష్టమే అయింది. కానీ ఆమె తెచ్చిన గ్లాసు చూశాక కష్టం సగం తీరింది. అది అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. అందులోనూ సగమే నీళ్ళు, ఏళ్ళ తరబడి కొలిచి పోసిన చేతి అలవాటు.

“ఇంకొన్ని కావాలంటే నేనే తీసుకుంటాన్లెండి,” అని ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. “ఏయ్!” అని ఇన్‌స్పెక్టరు వెనకాలే వచ్చాడు.

వంటింట్లో అరుగు మీద ఒక సీసా ఉంది. దానిమీద అడుగు నుంచి మెడదాకా తెల్ల టేపు ముక్కలు, పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత అని గీతలు. రెండు ఉప్పు డబ్బాలున్నాయి. పెద్దదాంట్లో గరిటె, చిన్నదాంట్లో చెవి గుబిలి తీసేంత చెంచా. గోడకి చిల్లుల గిన్నె వేలాడుతోంది. కూరముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళలో ఉడకబెట్టీ ఉడకబెట్టీ దాని అంచు తెల్లబడిపోయింది. తలుపు వెనక బరువు తూచుకునే మిషను.

డిటెక్టివ్ ఆ చిల్లుల గిన్నె అంచును వేలితో నిమిరాడు. ఇలాంటిది తన ఇంట్లోనూ ఉంది. భార్య పోయాక దాన్ని అటక మీద పెట్టాడు గానీ పారేయలేకపోయాడు. కూరల్లోని పొటాషియం అలా నీళ్ళలో పోతుందని, పోకపోతే చెడిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేక గుండె ఆగిపోతుందని, ఈ గిన్నె ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు.

“ఏం చూస్తున్నావ్? విషం సీసాలా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మీ అన్నగారికి కిడ్నీ జబ్బు ఎన్నాళ్ళుగా ఉంది?”

“ఎవడు కూశాడు? కేన్సర్ తప్ప మా అన్నకి ఏ జబ్బూ లేదు. రిపోర్టు ఉంది, క్రియాటినిన్ ఒకటి! సర్జన్‌ని అడుగు.”

“రిపోర్టు మాట సరే. ఆ రక్తం ఇచ్చిన రోజు మాస్టారి వెంట ఎవరు వెళ్ళారు?”

“నేనే వెళ్ళాను. ఏం?”

“ల్యాబు లోపల దాకానా, బయటే ఆగారా?”

“లోపలిదాకా. సొంత అన్నయ్య. సూది గుచ్చుతుంటే భుజం మీద చెయ్యేసి నిలబడ్డాను.”

మాట్లాడుతూనే ఇద్దరూ ముందుగదిలోకి వచ్చారు. ఆమె మళ్ళీ కలం పట్టుకుంది. కొన కాగితాన్ని తాకుతోంది.

“అంత దగ్గరగా ఉన్నారన్నమాట,” అన్నాడు డిటెక్టివ్ తాపీగా. “ఏ చేతికి గుచ్చారు?”

“ఇదేం ప్రశ్నయ్యా?”

“గుర్తులేకపోతే లేదనండి. వయసు మీద పడితే నాకూ గుర్తుండవు.”

“నీకూ నాకూ పోలికేంటి? ఎందుకు గుర్తుండదు! ఎడమ చేతికి. ఇక్కడ!” అంటూ ఇన్‌స్పెక్టరు తన ఎడమ మోచేతి మడతను వేలితో పొడిచి చూపించాడు. “ఒక్క దెబ్బకి నరం దొరికింది. చాలా?”

కలం బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

మాస్టారి భార్య కళ్ళు మూసుకుంది. డిటెక్టివ్ ఆమె వైపు చూడకుండా, ఇన్‌స్పెక్టరుతోనే అన్నాడు: “కిడ్నీ జబ్బు వచ్చిన మొదటి రోజే డాక్టరు ఒక చెయ్యి ఎంచి చెబుతాడు. ఈ చేతికి సూది తగలనివ్వకండి, బీపీ పట్టీ కట్టనివ్వకండి, రేపు డయాలసిస్ అవసరమైతే ఈ చేతి నరాలే ప్రాణం నిలబెట్టాలి అని. కుడిచేతివాటం మనిషికి అది ఎడమ చెయ్యి. మా ఆవిడ ఆ చేతిని చంటిబిడ్డలా కాపాడుకుంది. గాజులు కూడా ఒక చేతికే వేసుకునేది. మీ అన్నయ్య ఆసుపత్రిలో చచ్చేంత నీరసంలోనూ నర్సుకి ఆ చెయ్యివ్వలేదు. అలాంటి మనిషి ల్యాబులో ముక్కూమొహం తెలియనివాడికి ఎడమ చెయ్యి చాపాడంటారా?”

“నాకు... కుడో ఎడమో...”

“ఒక్క దెబ్బకి నరం దొరికిందన్నారు కూడా. మాస్టారి నరం మూడు పోట్లకు గానీ దొరకదు. ఆ కుర్చీలో కూర్చున్నది ఆయన కాదు. ఆయన పేరుకి తలూపిన ఇంకో మనిషి. ఆయన వయసువాడు, నిక్షేపంలాంటి కిడ్నీలున్నవాడు, ఎడమ చేతి సంగతి తెలియనంత దూరంగా బతికినవాడు.”

“నోర్ముయ్!” ఇన్‌స్పెక్టరు బల్ల మీద గుద్దాడు. “ఆ కుర్చీలో నేను కూర్చున్నానని ఎవడన్నాడు?”

“మిమ్మల్నని నేననలేదు. గుమ్మడికాయల దొంగంటే మీరే భుజాలు తడుముకుంటున్నారు.”

ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు. ఆ దెబ్బ డిటెక్టివ్ చెంపను చేరలేదు. “చాలు బాబూ,” అంది మాస్టారి భార్య. గట్టిగా కూడా అనలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

“నాలుగేళ్ళు,” అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. “నాలుగేళ్ళు ఆయన్ని ఆ చేత్తో చెంబు ఎత్తనివ్వలేదు. దోమ వాలితే నేను తోలాను. నువ్వు ఆ కుర్చీలో కూర్చునేటప్పుడు కుడిచెయ్యి ఇవ్వాలని నీకు చెప్పడం మర్చిపోయాను చూడు, అదీ నా తెలివి!”

“వదినా!”

“ఏం వదిన? ఎన్నాళ్ళు? బయట జీపులో పరాయి ఇంటి పిల్ల కూర్చునుంది. తెల్లారిందగ్గర్నుంచి నాలో నేను చస్తున్నాను. నువ్వు కలం చేతికిస్తే పట్టుకున్నాను కూడా. ఛీ! మనుషులమా మనం?”

డిటెక్టివ్ కోపం అప్పుడు బయటపడింది. అరుపు కాదది, లోపల ఎప్పట్నుంచో కాగుతున్న పాత్ర అంచు దాటడం. “ఆయన నర్సు మణికట్టు పట్టుకుని, ఇది కిడ్నీలకు మంచిదేనా అని అడిగితే, వెయ్యనివ్వండి అన్నారెందుకమ్మా? ఆ ఒక్కమాట అక్కడ చెప్పి ఉంటే! గిన్నెల్లో నీళ్ళు పారబోసి పారబోసి కాపాడుకున్న మనిషిని, ఒక్క మాట దాచి చంపుకున్నారు కదా!”

“డాక్టరుకి తెలుసనుకున్నాను!” ఆమె ఒక్కసారిగా అరిచింది. “తెలిసిన డాక్టరే ఇస్తున్నాడు కదా, చూసే ఇస్తున్నాడనుకున్నాను! తెలుసని వీడే చెప్పాడు నాకు!”

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. యూనిఫారంలో ఇంతసేపూ నిలబడిన పెద్దరికం ఏదో కింద కూర్చోగానే కారిపోయినట్టయింది. అన్న పోలికలు ఇప్పుడు కనిపించాయి ఆ మొహంలో.

“అందరూ కుదరదన్నారు,” అన్నాడతను. “ఏ ఆసుపత్రికి పోయినా ఇదే పాట. ఈ కిడ్నీలతో ఇంత పెద్ద ఆపరేషన్ తట్టుకోలేడు, కేన్సర్ మందులూ ఇవ్వలేం అని. అన్నయ్య మూత్రంలో రక్తం పోసుకుంటూ కూర్చునేవాడు. చివరికి ఈ సర్జన్ దొరికాడు. స్కానింగ్ వెలుతురుకి పెట్టి చూసి, రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయి, అయినా నేను చేస్తాను, నా చేతి మీద నాకు నమ్మకముంది అన్నాడు. కాకపోతే ఆసుపత్రి కమిటీ ఒప్పుకోదట. రక్తం అంకె బాగుంటే వాళ్ళు స్కానింగు అడగరట. ‘మీ ఇద్దరూ ఒకేలా ఉన్నారే’ అన్నాడు. అంతే. నవ్వుతూ అన్నాడు. పోలీసోణ్ణి, నాకేం తెలుసయ్యా ఏ అంకె ఎంతుండాలో? కూర్చోమన్నాడు, కూర్చున్నాను. వెనకాల ఏ మందు ఇవ్వకూడదో అన్నీ నేను చూసుకుంటానన్నాడు.”

“చూసుకున్నాడా?”

“చూసుకునేవాడే! ఆ పిల్ల రెండో డోసు వెయ్యకుండా ఉంటే...”

“ఆ పిల్ల అడిగింది,” అంది వదిన. “ఆపమంటారా అని అడిగింది. ఆపొద్దు, సాయంత్రం ఇంకోటి వెయ్యి అని ఆయన గొంతు మంచం మీది ఫోన్లోంచి నా చెవులతో విన్నాను. నేను కోర్టులో చెబుతాను. నన్ను జైల్లో పెట్టినా చెబుతాను.”

ఇన్‌స్పెక్టరు తలెత్తి వదిన వైపు చూశాడు.

“ఆపొద్దని ఎందుకన్నాడో నేను చెప్పనా?” అన్నాడు డిటెక్టివ్. “కాగితం మీద కిడ్నీలు బాగున్న మనిషికి నొప్పి మందు మారిస్తే, ఎందుకు మార్చావని నలుగురూ అడుగుతారు. కిడ్నీ డాక్టర్ని పిలిస్తే ఆయన మొదట చూసేది స్కానింగే. డయాలసిస్ పెడితే మాస్టారు బతికేవాడేమో, కానీ గుట్టు చచ్చేది. అందుకని ఆ సర్జను మంగళవారం పొద్దున ఎంచుకున్నాడు. ఏది బతకాలి, ఏది చావాలి అని. గురువారం దాకా కూర్చుని చూశాడు. కత్తితో చంపలేదు మీ అన్నని, ఊరుకుని చంపాడు. చంపి, నర్సుని చూపించాడు. మీరు జీపు వేసుకొచ్చారు.”



ఇన్‌స్పెక్టరు లేచాడు. బయటికి నడిచాడు. జీపు గడియ తనే తీశాడు. నర్సు దిగేటప్పుడు తూలితే మోచెయ్యి పట్టుకుని నిలబెట్టి, ఆమె మొహంలోకి చూడలేక వదిలేశాడు. కానిస్టేబులు చేతిలోంచి తాళం లాక్కున్నాడు. జీపు మట్టి చిమ్మి వీధి మలుపు తిరిగిపోయింది.

“సార్ బండి నడపరే ఎప్పుడూ!” అన్నాడు కానిస్టేబులు అయోమయంగా.

గుమ్మంలో నిలబడ్డ డిటెక్టివ్ వెనక్కి తిరిగి బల్లకేసి చూశాడు. టోపీ అక్కడే ఉంది. కేసు కాగితాలూ అక్కడే ఉన్నాయి. అరెస్టు చేయడానికి వెళ్ళే పోలీసు ఆ రెండూ వదిలి వెళ్ళడు. గుమ్మం దిగేటప్పుడు అతని వేళ్ళు నడుం దగ్గరి తోలు సంచీ గుండీ విప్పడం ఆయన చూశాడు. చూసి కూడా అర్థం చేసుకోవడానికి ఇంతసేపు పట్టింది.

“పిస్తోలు పట్టుకెళ్ళాడు! అమ్మాయీ, సర్జన్ ఇప్పుడు ఎక్కడుంటాడు?”

“ఆపరేషన్ థియేటర్లో. ఇవాళ ఆయన ఆపరేషన్ల రోజు. ఆసుపత్రి రెండు వీధుల అవతలే.”

“నేరుగా లోపలికి నంబరుందా?”

ఆయన చాపిన ఫోను వైపు ఆమె చూసిందే తప్ప, అందుకోలేదు.

“వాణ్ణి కాపాడమంటారా? నన్నా? వాడి కోసమా?”

“వాడి కోసం కాదు. వాడు చచ్చాడంటే చచ్చిన మంచివాడైపోతాడు. ఈ ఇన్‌స్పెక్టరు హంతకుడైపోతాడు. చేసిన తప్పుకి పడాల్సిన శిక్ష వేరు, అది వేరు. ఆయమ్మకి ఇంట్లో మిగిలింది ఆ ఒక్క మగదిక్కే.”

గుమ్మంలో మాస్టారి భార్య నిలబడి ఉంది. నోరు విప్పి అడిగే మొహం తనకి లేదని ఆమెకు తెలుసు. రెండు చేతులూ జోడించింది, అంతే.

నర్సు ఫోను లాక్కుని నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు. సార్‌ని పిలవమంది. అర్జంటు అంది. కాసేపటికి గీరగా ఒక గొంతు “ఎవరు?” అనడం బయటికి వినిపించింది.

“నేను సార్. మీరు జైలుకి పంపబోయిన నర్సుని,” అంది ఆమె. “మాట్లాడకుండా వినండి. థియేటర్ తలుపులు లోపల్నుంచి గడియ పెట్టుకోండి. బల్లమీది పేషెంటుని గోడవైపుకి జరిపించండి, ముందు ఆ మనిషిని చూడండి. ఎవరు తట్టినా తియ్యకండి. మిమ్మల్ని చంపడానికి ఒకాయన వస్తున్నాడు. మీరు చావడానికి వీల్లేదు సార్. ఆ ఫోన్లో నాకేం చెప్పారో బోనెక్కి, నా మొహంలోకి చూస్తూ చెప్పేదాకా, మీరు చావడానికి అస్సలు వీల్లేదు.”

అవతల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే, ఫోన్లోంచే, ఎవరో ఆ తలుపు మీద చేత్తో బాదడం.